ముగింపు ముందే ఎరిగిన సీమ

సారంగధరుడి కథ తెలుగువాళ్లకు కొన్ని వందల ఏళ్లుగా తెలుసు. సవతితల్లి చిత్రాంగి అతన్ని మోహించింది. కాదన్నందుకు నింద వేసింది. తండ్రి ముందూ వెనకా విచారించకుండా కొడుకు కాళ్లూ చేతులూ నరికించాడు. 15వ శతాబ్దంలో గౌరన రాసిన నవనాథ చరిత్రలో ఆ రాకుమారుడు సిద్ధుల దయతో అవయవాలు తిరిగి పొంది, తానూ ఒక సిద్ధుడయ్యాడు. జనం నోట నిలిచిన కథలోనూ చివరికి మేలే జరుగుతుంది. 19వ శతాబ్దం చివర బళ్లారిలో ఒక వకీలు ఈ కథను నాటకంగా రాయబూనినప్పుడు, మొదటి పద్యం కంటే ముందు ముగింపు తేల్చుకున్నాడు. కథ దుఃఖంతోనే ముగియాలి. ఆ నిర్ణయాన్ని పేరులోనే పెట్టాడు: విషాద సారంగధర. తెలుగులో తొలి విషాదాంత నాటకంగా సాహిత్య చరిత్రకారులు చెప్పేది దీన్నే.

ఆ వకీలు ధర్మవరం రామకృష్ణమాచార్యులు. 1853లో ధర్మవరంలో పుట్టారు. అప్పటికి అనంతపురం జిల్లా లేదు. ఆ ప్రాంతమంతా బళ్లారి జిల్లాలోదే. 1882లో అనంతపురం వేరు జిల్లా అయింది. 2022 ఏప్రిల్‌లో దాన్ని కూడా విడదీసి, హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఉన్న భాగాన్ని శ్రీ సత్యసాయి జిల్లా చేశారు. జిల్లాల పేర్లు మారినా, ఈ మూడు ఊళ్ల చుట్టూ ఒక పని మాత్రం ఐదు వందల ఏళ్లుగా ఏదో ఒక రూపంలో జరుగుతూనే ఉంది. కథ ఎక్కడ మొదలై ఎక్కడ తేలాలో ముందే నిర్ణయించుకుని, ఆ తర్వాతే చేయి కదపడం ఆ పని.

నవల రాసేముందు ప్లాట్ వేసుకోవడం ఇంగ్లీషు చదువుతో వచ్చిన పద్ధతి అనే నమ్మకం మన కొత్త రచయితల్లో బలంగా ఉంది. నవల అనే ప్రక్రియ అలా వచ్చిన మాట నిజం. కథను ముందుగా కట్టుకునే విద్య మాత్రం అలా రాలేదు. దాని ఆనవాళ్లు హిందూపురానికి పదిహేను కిలోమీటర్ల దూరంలోనే, రాతి కప్పు మీద రంగుల్లో కనిపిస్తాయి.

లేపాక్షి కప్పు

లేపాక్షి వీరభద్రాలయం విజయనగర చక్రవర్తి అచ్యుతదేవరాయల కాలంలో (1529–1542) ఇప్పటి రూపానికి వచ్చింది. కట్టించినవారు విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు. విరూపణ్ణ పెనుకొండ సీమలో రాయలవారి అధికారి. ఈ గుడి అనగానే అందరికీ వేలాడే స్తంభం, ఊరి మొదట్లో ఉన్న ఏకశిలా నంది గుర్తొస్తాయి. కథలు చెప్పేవాళ్లు చూడాల్సింది మాత్రం నాట్యమండపం కప్పు.

అక్కడ స్తంభాల వరుసల మధ్య కప్పు పొడవాటి పట్టీలుగా విడిపోయి ఉంటుంది. ఒక్కో పట్టీలో ఒక్కో కథ. కిరాతార్జునీయం, పార్వతీ కల్యాణం, ద్రౌపదీ స్వయంవరం, మనునీతి చోళుడి కథ ఇలా వరుసగా సాగుతాయి. కిరాతార్జునీయంలో అర్జునుడు ఒకసారి తపస్సులో ఉంటాడు. మరికొంత ముందుకు వెళితే పంది మీద బాణం వేస్తుంటాడు. అదే పందిని కిరాతుడి వేషంలో ఉన్న శివుడూ కొడతాడు. వేట ఎవరిదన్న వాదు, ఆ మీద యుద్ధం, చివర పాశుపతం అనుగ్రహం. అర్జునుడు ఒక్కడే, పట్టీలో మాత్రం పలుమార్లు కనిపిస్తాడు. ప్రతిసారీ కథ ఒక మెట్టు ఎక్కి ఉంటుంది.

ఇక్కడ చిత్రకారుడి ముందున్న చిక్కు ఏమిటంటే, పట్టీ పొడవు మారదు. స్థపతి ఎంత చోటు వదిలితే అంతే. తపస్సుకు ఎక్కువ చోటు ఇస్తే యుద్ధం ఇరుకవుతుంది. పాశుపతం దగ్గరకు వచ్చేసరికి పట్టీ అయిపోతే కథే పోతుంది. అందుకని సున్నపు పూత మీద ముందు రేఖలు గీసుకున్నారు, రంగులు ఆ తర్వాత నింపారు. ఏ ఘట్టం ఉంచాలి, ఏది వదలాలి, దేనికి ఎంత చోటు అన్న మూడు ప్రశ్నలకూ రంగు కలపకముందే జవాబు తేలాలి. భారవి సంస్కృతంలో పద్దెనిమిది సర్గలు పెంచిన కథ లేపాక్షిలో ఒక పట్టీలో ఇమిడింది. ఆ కుదింపు చేసినవాడి పేరు మనకు దక్కలేదు గానీ, అతను చేసింది కథారచనే.

మనునీతి చోళుడి పట్టీలో ఈ నేర్పు మరింత స్పష్టం. రాకుమారుడి రథం కింద పడి లేగదూడ చనిపోతుంది. తల్లి ఆవు వచ్చి రాజు వాకిట్లో ధర్మఘంట మోగిస్తుంది. రాజు తన కొడుకును అదే రథం కింద తొక్కించమంటాడు. శివుడు ప్రత్యక్షమవుతాడు. నాలుగు ఘట్టాలు, ఒక్కటి తీసేసినా కథ నిలవదు, ఒక్కటి కలిపినా బరువు తగ్గుతుంది. కథ ఎముకల గూడు ఎలా ఉంటుందో చూడాలనుకున్న రచయితకు ఇంతకన్నా దగ్గర ఉదాహరణ దొరకదు.

గుడి బయట మరో సంగతి ఉంది. కల్యాణమండపం చెక్కిన స్తంభాలతో, పైకప్పు లేకుండా నిలబడి ఉంటుంది. అది ఎందుకు ఆగిపోయిందో విరూపణ్ణ పేరు మీద జనం చెప్పుకునే కథ ఒకటి ఉంది, అది వేరే సంగతి. చూసేవాడికి మాత్రం ఆ స్తంభాల అమరికలోనే పూర్తయితే మండపం ఎలా ఉండేదో తెలుస్తుంది. సగంలో ఆగినా, మొత్తం ఆలోచించుకునే మొదలుపెట్టిన పని అది.

నిమ్మలకుంట రాత్రులు

లేపాక్షి చిత్రకారుడికి హద్దు చోటు అయితే, ధర్మవరం మండలంలోని నిమ్మలకుంట తోలుబొమ్మలవాళ్లకు హద్దు కాలం. ఆట రాత్రి మొదలవుతుంది, తెల్లవారేలోగా కథ తేలాలి.

ఈ కుటుంబాల పూర్వులు మరాఠా ప్రాంతం నుంచి వచ్చినవాళ్లు. ఇంట్లో మాట్లాడేది ఆరె మరాఠీ, తెర వెనక పాడేది తెలుగు. రామాయణ కథలకు వీళ్లు ఎక్కువగా ఆధారం చేసుకున్నది ద్విపదలో ఉన్న రంగనాథ రామాయణం. సుందరకాండ, లక్ష్మణ మూర్ఛ, మైరావణ చరిత్ర, విరాటపర్వం, పద్మవ్యూహం ఈ ఆటల్లో పేరున్నవి. ఒకప్పుడు కొన్ని కథలు వరుసగా చాలా రాత్రులు సాగేవి. వానలు రాకపోతే బొమ్మలాట ఆడించిన ఊళ్లు ఈ సీమలో ఎన్నో.

ఆటకు ముందు పని చూడాలి. బొమ్మల పెట్టెలోంచి ఆ రాత్రి కథకు కావలసినవి తీసి పక్కన పెట్టుకుంటారు. హనుమంతుడి బొమ్మ ఒక్కటే కాదు; సముద్రం దాటే హనుమంతుడు వేరు, కొలువులో కూర్చునే హనుమంతుడు వేరు. ఏ ఘట్టంలో ఏ బొమ్మ తెర మీదికి రావాలో తెలియకపోతే చీకట్లో చేయి తడబడుతుంది, కథ ఆగుతుంది. ఎవరు పాడతారు, ఎవరు మాట అందుకుంటారు, యుద్ధం వచ్చినప్పుడు కాలి కింద చెక్కలు ఎవరు తొక్కి చప్పుడు చేస్తారు అన్నదంతా కుటుంబంలో ముందే పంచుకున్న పని. ఇంత కట్టుదిట్టం చేసుకున్నారు కాబట్టే మాటల్లో స్వేచ్ఛ దొరికింది. ద్విపద చరణాల మధ్య వచ్చే సంభాషణ ఎక్కువ భాగం అప్పటికప్పుడు పుట్టేదే.

జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు వచ్చేది అక్కడే. రామాయణంలో లేని ఈ మనుషులు ఘట్టానికీ ఘట్టానికీ మధ్య వచ్చి నవ్విస్తారు, ఊరి సంగతులు మాట్లాడతారు. వాళ్లు తెర మీద ఉండగా వెనక తర్వాతి ఘట్టానికి బొమ్మలు సిద్ధమవుతాయి. నిద్ర ముంచుకొచ్చే జనానికి మెలకువ వస్తుంది. ఊళ్లో రసపట్టు చూసి ఆ హాస్యాన్ని పెంచుతారు, తగ్గిస్తారు. కథ మాత్రం దారి తప్పదు. లక్ష్మణుడు మూర్ఛ తేరుకోవాల్సిన సమయానికి తేరుకోవాల్సిందే.

2020లో నిమ్మలకుంట కళాకారుడు దళవాయి చలపతిరావుకు పద్మశ్రీ వచ్చింది. ఇప్పుడు ఆ ఊళ్లో తోలుతో లాంప్‌షేడ్లు, గోడ బొమ్మలు ఎక్కువగా తయారవుతున్నాయి. చేతిపనికి విలువ దక్కడం సంతోషమే. తెల్లవార్లూ నడిచే కథను పట్టుకునే జ్ఞాపకశక్తి మాత్రం లాంప్‌షేడ్ మీద నిలవదు. ఆటలు తగ్గితే పోయేది బొమ్మ కాదు, ఆ కథనక్రమం.

ఇదే ధర్మవరంలో మగ్గం పనిలోనూ ఈ క్రమమే ఉంది. జకార్డు మగ్గం మీద నేసే చీరకు డిజైన్ ముందు గ్రాఫ్ కాగితం మీద గడులుగా గీస్తారు, దాన్నిబట్టి అట్టలకు రంధ్రాలు కొడతారు, ఆ తర్వాతే మగ్గం ఆడుతుంది. పల్లూలో ఏముండాలో తెలియకుండా మొదటి పోగు పడదు. అచ్చం అలాగే నాటకం కట్టాలని నేర్చుకున్నవాడు ఈ ఊరి నుంచే బళ్లారి వెళ్లాడు.

బళ్లారి రంగస్థలం

రామకృష్ణమాచార్యులు బళ్లారిలో సరస వినోదిని సభ పెట్టి, తన చిత్రనళీయాన్ని 1887లో ఆడించారు. ఆ తర్వాత జీవితాంతం నాటకాలు రాస్తూనే ఉన్నారు. మొత్తం ముప్పై దాకా ఉంటాయి. తెలుగువాళ్లు ఆయన్ను ఆంధ్ర నాటక పితామహుడన్నారు. 1912లో కన్నుమూశారు.

ఆయన ఎదురుగా రెండు కథాశాస్త్రాలున్నాయి. ఒకటి సంస్కృత పండితులది. భరతుడి నాట్యశాస్త్రం, దాని తర్వాత 10వ శతాబ్దపు ధనంజయుడి దశరూపకం కథను ఐదు సంధులుగా విడదీశాయి: ముఖం, ప్రతిముఖం, గర్భం, విమర్శం, నిర్వహణం. ముఖంలో బీజం పడాలి, నిర్వహణంలో ఫలం అందాలి. కాళిదాసు శాకుంతలం మొదట్లోనే తపస్వి దుష్యంతుణ్ని చక్రవర్తి అయ్యే కొడుకు పుట్టాలని దీవిస్తాడు. ఏడో అంకంలో సింహపు పిల్లతో ఆడే భరతుడు కనిపిస్తాడు. మధ్యలో ఉంగరం పోయినా, శాపం తగిలినా బీజం మాత్రం మరుగుపడదు. చివర ఏమిటో తెలియనివాడు మొదట్లో అలాంటి దీవెన రాయలేడు.

రెండోది ఇంగ్లీషు చదువు తెచ్చిన షేక్‌స్పియర్. అంకాలను మళ్లీ రంగాలుగా విడగొట్టడం, మంచివాడి పతనాన్ని చివరిదాకా చూపించడం అక్కడి పద్ధతి. సంస్కృత నాటకం సాధారణంగా దుఃఖంలో ముగియదు. రామకృష్ణమాచార్యులు పద్యం, పాట, సంప్రదాయ కథ వదలలేదు. ముగింపు మాత్రం మార్చారు.

ఆ ఒక్క మార్పు మొత్తం కథను వెనక్కి నడిచి తిరిగి కట్టమంటుంది. అవయవాలు తిరిగి వచ్చే కథలో తండ్రి తొందరపాటు ఒక మలుపు మాత్రమే, దేవుడు దిద్దేస్తాడు. తిరిగి రాని కథలో ఆ తొందరపాటే అసలు విషయం. అప్పుడు రాజు తొందరపడే మనిషని ముందునుంచే తెలియాలి. చిత్రాంగి కేవలం దుష్టురాలైతే సరిపోదు, ఆమె ఆ స్థితికి ఎలా వచ్చిందో ప్రేక్షకుడికి అర్థం కావాలి. ముగింపు మారితే మొదటి రంగం కూడా మారుతుందన్న పాఠం తెలుగు రచయితకు ఇంత గట్టిగా అంతకుముందు ఎవరూ చూపించలేదు.

పెనుకొండ నేర్పిన లెక్క

అదే బళ్లారిలో మరో వకీలు కోలాచలం శ్రీనివాసరావు (1854–1919) ఇంకో చిక్కును ఎదుర్కొన్నారు. ఆయన సుమనోరమ సభ స్థాపించి, చరిత్ర నాటకాలకు పేరుపడ్డారు. విజయనగర పతనం మీద రాసిన రామరాజు నాటకంలో ముగింపు ఆయన చేతిలో లేదు. 1565 జనవరిలో రామరాయలు యుద్ధంలో పడిపోయాడు. తమ్ముడు తిరుమలరాయలు కొలువును పెనుకొండకు తరలించాడు. 1592లో రెండో వెంకటపతిరాయలు చంద్రగిరికి మారేదాకా పెనుకొండే రాజధాని. ఈ సంగతులు ప్రేక్షకులకు తెలుసు. కూలిన గోడలు కళ్లెదురుగానే ఉన్నాయి.

ముగింపు తెలిసిన జనాన్ని కూర్చోబెట్టాలంటే ఏం జరుగుతుందన్న ఆత్రం పనికిరాదు. ఎందుకు జరిగిందన్నదాన్ని రంగం రంగంగా పేర్చాలి. చరిత్ర నవల రాసే ప్రతి ఒక్కరూ ఈ రోజుకీ చేయాల్సిన లెక్క ఇదే. ఆ నాటకంలో పఠాన్ రుస్తుం వేషం రామకృష్ణమాచార్యుల మేనల్లుడు బళ్లారి రాఘవకు గొప్ప పేరు తెచ్చింది. ఒక పఠాను పాత్రకూ నాటకంలో అంత బలం దక్కిందంటే, రచయిత రెండు వైపులా తూకం వేసుకునే కలం పట్టాడని అర్థం.

పెనుకొండ శిథిలాల మధ్య పెరిగిన పుట్టపర్తి నారాయణాచార్యులు (1914–1990) బాల్యంలోనే, పన్నెండు పద్నాలుగేళ్ల వయసులో, పెనుగొండ లక్ష్మి రాశారు. తర్వాత విద్వాన్ పరీక్షకు కూర్చున్నప్పుడు తన పుస్తకమే తనకు పాఠ్యగ్రంథమైంది. అది ఖండకావ్యం, ప్లాట్ అక్కర్లేని రచన. శిథిలాన్ని చూసి ఉబికిన ఆవేదన ఒక ఖండకావ్యాన్ని నిలబెట్టగలదు. అదే ఆవేదనతో ఐదు వందల పేజీల నవల నడవాలంటే కోలాచలంవారి లెక్క కావాలి.

హద్దు లేని రచన

లేపాక్షిలో పట్టీ పొడవు హద్దు. నిమ్మలకుంటలో తెల్లవారడం హద్దు. నాటకానికి ప్రేక్షకుడి ఓపిక హద్దు. నవలకు ఇవేవీ లేవు. ఎన్ని పేజీలైనా రాయవచ్చు, ఎక్కడైనా ఆగవచ్చు. అందుకే ప్రణాళిక అవసరం నవలకే అన్నిటికన్నా ఎక్కువ.

తొలి నవలాకారులకు ఈ సంగతి తెలుసు. కందుకూరి వీరేశలింగం 1878లో రాజశేఖర చరిత్రను వివేకవర్ధని పత్రికలో మొదలుపెట్టినప్పుడు గోల్డ్‌స్మిత్ రాసిన వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్ ఎదురుగా ఉంది. సంపన్న కుటుంబం చితికిపోయి మళ్లీ నిలబడే గూడును అక్కడి నుంచి తీసుకుని, ధవళేశ్వరం మనుషులతో, మన మూఢనమ్మకాలతో నింపారు. ఇంగ్లండులో నవలలను నెలనెలా భాగాలుగా వెలువరించిన ఛార్లెస్ డికెన్స్ ప్రతి భాగానికీ ఒక కాగితం పెట్టుకునేవాడు. దానికి ఎడమ పక్కన తనకు తాను వేసుకున్న ప్రశ్నలు, కుడి పక్కన అధ్యాయాలు. ఈ పాత్ర ఇప్పుడు రావాలా, ఆగాలా అని తన మీద తానే పరీక్ష పెట్టుకునేవాడు. ఆ కాగితాలు ఈనాటికీ భద్రంగా ఉన్నాయి.

దీనికి ఎదురు నిలిచే ఉదాహరణ విశ్వనాథ సత్యనారాయణ. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పోటీ కోసం 1934లో వేయిపడగలు నవలను 29 రోజుల్లో ఆశువుగా చెబుతుంటే తమ్ముడు రాసుకుపోయారు. ఆ నవల బహుమతిని అడివి బాపిరాజు నవల నారాయణరావుతో పంచుకుంది. దీన్ని చూపించి ప్రణాళిక దండగ అనేవాళ్లున్నారు. ఆ వాదన నిలవదు. పురాణం, నాట్యశాస్త్రం, కావ్యం కంఠస్థమైనవాడి మనసులో సంధులు ముందే ఉంటాయి. నిమ్మలకుంట గాయకుడిలాగే ఆయనా కాగితం లేకుండా కథను పట్టుకున్నాడు. అంత సాధన లేనివాళ్లు ఆ వేగాన్ని మాత్రమే అనుకరిస్తే నవల మధ్యలో చిక్కుపడుతుంది.

అనంతపురం రచయిత బండి నారాయణస్వామి శప్తభూమికి 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. 18వ శతాబ్దపు హండే పాలకుల కాలం దానికి వస్తువు. పాలెగాళ్లు, కరువు, కులం, కట్టుబాట్లు అనే ఎన్నో పాయలను ఒక కాలంలో పెట్టి నడిపించిన ఆ నవల, ఈ సీమ చరిత్ర పెద్ద రచనలకు ఎంత ముడిసరుకు దాచి ఉంచిందో చూపించింది.

ఇంకా ఎంతో మిగిలే ఉంది. తిరుమలరాయలు పెనుకొండకు చేరిన తర్వాతి ఇరవై ఏడేళ్లు, లేపాక్షిలో పనిచేసిన చిత్రకారుల బతుకు, ఒక మరాఠీ కుటుంబం తెలుగు రామాయణాన్ని తనది చేసుకున్న ప్రయాణం, జకార్డు వచ్చాక ధర్మవరం మగ్గాల గుంతల్లో మారిన జీవితాలు. ఒక్కొక్కటీ ఒక్కో పెద్ద నవల కావలసిన వస్తువు. వాటిని రాయదలచిన ఈ ప్రాంతపు యువతీయువకులు మొదటి వాక్యం కోసం తొందరపడవద్దు. ముందు లేపాక్షి కప్పు కింద కొంతసేపు నిలబడి ఏ ఘట్టం ఉంచారో, ఏది వదిలారో లెక్కపెట్టండి. నిమ్మలకుంటలో ఆట ఉందంటే వెళ్లి తెర వెనక కూర్చోండి. ధర్మవరంవారి, కోలాచలంవారి నాటకాలు గ్రంథాలయాల్లో దొరికితే ముగింపు నుంచి వెనక్కి చదవండి. విశ్వవిద్యాలయాలు కూడా ఆ నాటకాలను మళ్లీ అచ్చువేసి, మిగిలిన తోలుబొమ్మల కథలను మొదటి నుంచి చివరిదాకా రికార్డు చేయాలి. ఆ కథలను తెల్లవార్లూ పాడగల పెద్దలు ఉన్నప్పుడే ఈ పని జరగాలి.